హలాల్ అయితే చాలునా? పాలిచ్చే తల్లి, పుట్టగొడుగుల కాఫీ

పుట్టగొడుగుల కాఫీ అనే మాట ఓ పదిహేనేళ్ళ క్రితం చోడవరంలో ఎవరైనా అని ఉంటే విన్నవారు నవ్వి ఊరుకునేవారు. మనకు పుట్టగొడుగు అంటే తొలకరి వానలకు పుట్టల మీద మొలిచేది, దొరికిన రోజున కూర వండుకునేది. కాఫీ అంటే వడ్డాది, మాడుగుల దాటి ఘాటు రోడ్డెక్కితే పాడేరు కొండల మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడన పండేది. ఈ రెండూ ఒకే కప్పులో కలుస్తాయని మన పెద్దలు ఊహించి ఉండరు. ఇప్పుడు కలిశాయి. రీషి, చాగా, లయన్స్ మేన్, కార్డిసెప్స్ అనే పుట్టగొడుగులను ఎండబెట్టి, వాటి సారం తీసి, ఆ పొడిని కాఫీ పొడిలో కలిపి డబ్బాల్లో, సాషేల్లో అమ్ముతున్నారు. ఫోనులో ఆర్డరు పెడితే ఇంటికి వస్తుంది. గొలుసుకట్టు వ్యాపారంలో చేరిన తెలిసినవాళ్ళు, బంధువులు కూడా తెచ్చి ఇస్తారు. అలసట పోతుందని, మెదడు చురుగ్గా పనిచేస్తుందని, మామూలు కాఫీలాగా గుండె దడ రాదని, అంతా ప్రకృతి సిద్ధమేనని చెబుతారు.

ఈ మాటలు ఎవరి చెవికి తియ్యగా వినిపిస్తాయో ఆలోచించండి. కాన్పు అయి రెండు మూడు నెలలైన తల్లి. చిల్లా ముగిసింది, పుట్టింటి నుండి అత్తింటికి వచ్చింది. రాత్రి మూడు నాలుగు సార్లు లేచి పాలివ్వాలి, తెల్లవారితే ఇంటిపని. అలాంటి తల్లికి ఎవరో ఆ డబ్బా చేతిలో పెడితే ఆమె మనసులో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: బిడ్డకు పాలిస్తున్నాను కదా, నేను తాగవచ్చునా?

ఈ ప్రశ్నకు మన ఇళ్ళలో రెండు తొందరపాటు సమాధానాలు వస్తున్నాయి. ‘పుట్టగొడుగు హలాల్, కాఫీ హలాల్, ఇక సందేహం దేనికి, తాగు’ అంటారు కొందరు. ‘అదేదో విషం, పాలిచ్చేది తాగితే గునాహ్’ అంటారు మరికొందరు. రెండు సమాధానాలూ షరీఅత్ పేరుతోనే వస్తాయి గాని, రెండింటికీ షరీఅత్‌లో ఆధారం లేదు. ఒక కప్పు కాఫీకి ఇంత చర్చ ఎందుకు అనిపించవచ్చు. కాని కప్పులో ఉన్నది కాఫీ మాత్రమే అయితే చర్చ అక్కరలేదు. తాగేది ఒకరు, దాని ఫలితంలో వాటా పొందేది మరొకరు. ఆ రెండో వ్యక్తికి ఇంకా మాటలు రావు.

‘అనుమతి’ అనే మాటకు హద్దు

వస్తువులన్నిటికీ మూలంలో అనుమతి ఉంది, నిషేధానికే ఆధారం చూపాలి అన్నది ఫిఖహ్ పండితులు నిర్ణయించిన ప్రసిద్ధ సూత్రం. అల్లాహ్ నిషేధించని దాన్ని తమ నోటికి వచ్చినట్లు హరామ్ అని ప్రకటించేవారిని దివ్య ఖుర్ఆన్ (16:116) గట్టిగా హెచ్చరించింది. కాబట్టి పుట్టగొడుగుల కాఫీని హరామ్ అనడానికి ఎవరికీ అధికారం లేదు. అది తాగిన తల్లి పాపాత్మురాలు కాదు.

అయితే ఈ సూత్రం ఏ ప్రశ్నకు సమాధానమో గమనించాలి. ఈ పని వల్ల పరలోకంలో నన్ను పట్టుకుంటారా అన్న ప్రశ్నకు అది సమాధానం. ఈ పదార్థం నా బిడ్డ దేహానికి సరిపడుతుందా అన్న ప్రశ్నకు కాదు. నిషేధం లేకపోవడం ఒక సంగతి, క్షేమమని సాక్ష్యం ఉండడం వేరొక సంగతి. అందుకే ఖుర్ఆన్ (2:168) తినమని ఆజ్ఞాపించిన చోట హలాల్ అనే మాటతో ఆగకుండా తయ్యిబ్ అనే మాటను కూడా జతచేసింది. తయ్యిబ్ అంటే శుద్ధమైనది, హితమైనది. వేరుశనగ హలాల్. అది పడని మనిషికి గుప్పెడు గింజలు ప్రాణాంతకం. హలాల్ అన్న తీర్పు అందరికీ ఒక్కటే అయినా, తయ్యిబ్ అన్నది తినేవారిని బట్టి, వారి స్థితిని బట్టి మారుతుంది.

అసలు హలాల్ విషయంలోనూ ఈ డబ్బాలను కళ్ళు మూసుకుని తీసుకోవడానికి వీలు లేదు. కార్డిసెప్స్ అనేది హిమాలయాల్లో గొంగళిపురుగు దేహంలో పెరిగి దాని నుండి బయటికి మొలిచే శిలీంధ్రం. పురుగుతో సహా ఎండబెట్టి అమ్ముతారు. మిడత తప్ప కీటకాలను తినడం మనలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మస్లక్‌లో ధర్మసమ్మతం కాదు. నేడు కాఫీలో కలిపే కార్డిసెప్స్ చాలావరకు బియ్యం వంటి ధాన్యం మీద పెంచిన వేరే జాతి. దానికి ఈ అభ్యంతరం లేదు. డబ్బా మీద ఏది రాసి ఉందో చూడాలి. అలాగే కొన్ని సంస్థలు సారాన్ని వేడినీటితోపాటు ఆల్కహాలుతోనూ తీస్తాయి. చివరికి మిగిలే అంశం ఎంత, దాని తీర్పు ఏమిటన్నది ఉలమాలను అడిగి తెలుసుకోవలసిన విషయం.

అమ్మేవాళ్ళు ఒక హదీసును కూడా ముందుకు తెస్తారేమో. కమ్అ అనేది మన్న్ కోవకు చెందినదని, దాని నీరు కంటికి స్వస్థత అని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ సయీద్ బిన్ జైద్ (ర) ఉల్లేఖించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఉర్దూ అనువాదాల్లో దీనిని ‘ఖుంబీ’ అంటారు కాబట్టి అన్ని పుట్టగొడుగులకూ ఈ హదీసును అంటగట్టడం సులువు. కాని కమ్అ అంటే అరబ్బు ఎడారిలో ఇసుక కింద దొరికే దుంప వంటి జాతి. హదీసులో ఉన్నది దాని నీరు, చెప్పినది కంటి విషయం. రష్యాలో భూర్జ చెట్టు కాండం మీద పెరిగే చాగాకూ దానికీ సంబంధం లేదు. ఆ హదీసును వివరించిన ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మలై) సైతం కమ్అ అరగడానికి బరువైనదని, అతిగా తింటే జబ్బులు తెస్తుందని రాశారు. ప్రవక్త వైద్యం గురించి రాసిన పండితుడే ఇంత జాగ్రత్తగా ఉంటే, సాషే అమ్ముకునేవాడు ఆ హదీసును చీటీలా అతికించడం ఎంతటి సాహసం!

కాఫీయే ఒకనాడు ముద్దాయి

ఇక్కడ ఒక చరిత్ర చెప్పుకోవాలి. కాఫీ 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీల ద్వారా ముస్లిం సమాజంలోకి వచ్చింది. రాత్రి జిక్ర్‌లో మెలకువగా ఉండడానికి వాళ్ళు దాన్ని తాగేవారు. మక్కాకు చేరిన తరువాత 1511లో అక్కడి అధికారి ఖాయిర్ బేగ్ ఒక సభ పిలిచాడు. సభలోని పండితులు, వస్తువు మూలంలో అనుమతించబడినదే గాని దేహానికి హాని చేస్తుందా లేదా అన్నది వైద్యులు చెప్పవలసిన సంగతి అన్నారు. ఇద్దరు వైద్యులు వచ్చి హాని చేస్తుందని చెప్పారు. నిషేధం విధించారు, మక్కాలో కాఫీని తగులబెట్టారు. కైరో నుండి సుల్తాను జవాబు వచ్చాక ఆ నిషేధం నీరుగారిపోయింది. తరువాత ఆ వైద్యుల సాక్ష్యాన్నే తప్పు పట్టారు. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ హజ్ నుండి తిరిగి వస్తూ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని, మన దేశంలో కాఫీ అలా మొదలైందని చెప్పుకుంటారు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకనాడు మక్కా వీధిలో కాలిన పానీయం ఇవాళ మన మన్యం గిరిజనులకు అన్నం పెడుతోంది.

ఈ చరిత్రను చెప్పి ‘చూశారా, భయపడినవారే తప్పు’ అని కొందరు ముగిస్తారు. నాకు అందులో మరో విషయం కనిపిస్తుంది. ఆ పండితులు వేసిన విభజన సరైనదే. తీర్పు ధర్మవేత్తది, వాస్తవం ఆ విద్య తెలిసినవారిది. తెలియనప్పుడు తెలిసినవారిని అడగమని ఖుర్ఆన్ (16:43) బోధ. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, సాక్ష్యం చెప్పినవారి మాట ఎంత నమ్మదగినదో తేల్చకుండానే తీర్పు ఇచ్చేశారు. కాబట్టి మనం కూడా ముందు వాస్తవం వైపు వెళదాం.

వైద్యశాస్త్రం ఎంతవరకు చెబుతుంది

మొదట కాఫీ సంగతి. తల్లి తాగిన కాఫీలోని కెఫీన్‌లో చాలా కొద్ది భాగం, సుమారు నూటికి ఒక వంతు లేదా అంతకన్నా తక్కువ, పాలలోకి వస్తుంది. తాగిన గంట రెండు గంటల్లో పాలలో అది ఎక్కువగా ఉంటుంది. కొద్దిపాటే అయినా చిక్కు ఏమిటంటే, పెద్దవారి దేహం నాలుగు నుండి ఆరు గంటల్లో సగం కెఫీన్‌ను వదిలించుకుంటే, అప్పుడే పుట్టిన బిడ్డకు అదే పనికి 80 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నెలలు గడిచేకొద్దీ ఈ శక్తి పెరుగుతుంది. అందుకే మొదటి నెలల్లో జాగ్రత్త ఎక్కువ. పాలిచ్చే తల్లులు రోజుకు 200 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ తీసుకోవడం వల్ల బిడ్డకు ఇబ్బంది లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 150 మిల్లీలీటర్ల ఫిల్టరు కాఫీలో 80 నుండి 120, ఇన్‌స్టంటు కాఫీలో 50 నుండి 65, టీలో 30 నుండి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అంటే రోజుకు ఒకటి రెండు కప్పులు తాగే తల్లి దిగులు పడనవసరం లేదు. టీ కూడా లెక్కలోకి వస్తుందని మాత్రం మరువరాదు. పుట్టగొడుగుల కాఫీలో కాఫీ పాలు తక్కువ కాబట్టి కెఫీన్ కూడా సాధారణంగా తక్కువే. న్యాయంగా మాట్లాడితే ఈ ఒక్క విషయంలో దానికి అనుకూలంగా చెప్పాలి.

తరువాత పుట్టగొడుగులు. శాస్త్రం మౌనం వహించేది ఇక్కడే. రీషి, చాగా, లయన్స్ మేన్, కార్డిసెప్స్‌లలోని పదార్థాలు తల్లిపాలలోకి ఎంత వస్తాయి, బిడ్డ మీద వాటి ప్రభావం ఏమిటి అన్నదాని మీద నమ్మదగిన పరిశోధనలు లేవు. పాలిచ్చే తల్లులకు ఫలానా మోతాదు క్షేమం అని చెప్పే అంకె ఎవరి దగ్గరా లేదు. పెద్దవారిలో మాత్రం కొన్ని సంగతులు తెలుసు. రీషి రక్తం గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేయవచ్చు, రక్తపోటును తగ్గించవచ్చు. రీషి పొడి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కొన్ని వైద్య పత్రికలకెక్కాయి. కాన్పు తరువాత రక్తస్రావం ఇంకా ఆగని స్త్రీకి, సిజేరియను అయిన స్త్రీకి, రక్తం పలుచబడే మందులో షుగరు మందులో వాడుతున్న స్త్రీకి ఇది చిన్న విషయం కాదు. చాగాలో ఆక్సలేట్లు ఎక్కువ. రోజుకు నాలుగైదు చెంచాల చొప్పున ఆరు నెలలు చాగా పొడి తీసుకున్న 72 ఏళ్ళ స్త్రీకి మూత్రపిండాలు పాడైన సంగతిని జపాన్ వైద్యులు 2014లో ప్రచురించారు. కాఫీ సాషేలో ఉండే మోతాదు అంతకన్నా చాలా తక్కువే, నిజమే. పుట్టగొడుగులు తాము పెరిగిన చోటి నుండి సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చుకునే స్వభావం కలవి. అందువల్ల ఎక్కడ పెంచారు, పరీక్ష చేయించారా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

దీన్ని చదివి కూరల పుట్టగొడుగుల మీద అనుమానం పెంచుకోవద్దు. బజారులో దొరికే తెల్ల పుట్టగొడుగులు, పాల పుట్టగొడుగులు బాగా ఉడికించి తినడం వేరు, ఏ జాతి సారాన్నో గాఢంగా తీసి రోజూ తాగడం వేరు. అడవిలో ఏరినవాటి సంగతి మాత్రం ఎవరైనా సరే, బాలింత అయినా కాకపోయినా, గుర్తుపట్టడం తెలియనిదే ముట్టుకోకూడదు.

అపాయం ఎవరిది, లాభం ఎవరిది

హాని ఉందని రుజువు కాలేదు, క్షేమమనీ రుజువు కాలేదు. ఇలాంటి స్థితిలో విశ్వాసి ఏం చేయాలి? సందేహం కలిగించేదాన్ని విడిచి సందేహం లేనిదాన్ని పట్టుకోమని దైవప్రవక్త (స) తన మనుమడు హజ్రత్ హసన్ (ర)కు నేర్పారు. తిర్మిజీ, నసాయీ గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. అయితే ఈ బోధను ప్రతి కొత్త వస్తువుకూ అడ్డుగోడగా నిలబెడితే జీవితం నడవదు. ఆరోగ్యంగా ఉన్న వయోజనుడు తన డబ్బుతో కొని తన దేహం మీద పరీక్షించుకుంటే, అది అతని ఇష్టం. తన ప్రాణానికి తానే జవాబుదారీ. తల్లి విషయంలో లెక్క మారుతుంది.

లాభం ఎవరిదో నష్టభారమూ వారిదే అని ఫిఖహ్‌లో ఒక నియమం ఉంది. వ్యాపారంలో, భాగస్వామ్యంలో, అద్దె వ్యవహారాల్లో పండితులు దాన్ని వాడతారు. ఈ కప్పును ఆ నియమంతో తూచి చూడండి. డబ్బు లాభం అమ్మేవాడిది. చురుకుదనం, ఉంటే గింటే, తల్లిది. ఏదైనా తేడా వస్తే దాని భారంలో భాగం పడేది లాభంలో ఏ వాటా లేని పసివాడి మీద. అతడిని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పలేడు. తల్లిపాలు అతనికి దానం కాదు, హక్కు. ఖుర్ఆన్ (2:233) ఆ హక్కుకు రెండు సంవత్సరాల పూర్తి కాలాన్ని పేర్కొన్నది.

ఆ హక్కు ఎంత పెద్దదో రోజా విషయంలో చూడండి. గర్భిణికి, పాలిచ్చే తల్లికి రోజా భారాన్ని అల్లాహ్ సడలించాడని హజ్రత్ అనస్ బిన్ మాలిక్ కఅబీ (ర) ఉల్లేఖించిన హదీసు అబూదావూద్, తిర్మిజీలలో ఉంది. రమజాన్ రోజా ఇస్లాం మూలస్తంభాల్లో ఒకటి, అల్లాహ్ హక్కు. పసిబిడ్డ పాల కోసం సృష్టికర్త తన హక్కునే వాయిదా వేసుకున్నాడు. అంతటి విధినే తరువాతికి జరపగలిగినప్పుడు, ఒక రుచిని, ఒక కొత్త అలవాటును పాలు మాన్పించేదాకా జరపడం తల్లికి భారమనిపించదు.

కాని ఇదే హదీసులో రెండో వైపు కూడా ఉంది. రోజా మానడానికి ఏ చిన్న భయమైనా చాలునని పండితులు అనలేదు. పూర్వానుభవమో, కనిపించే లక్షణమో, నమ్మదగిన వైద్యుని మాటో ఆధారంగా గట్టి ఊహ కలగాలన్నారు. ఊరికే వచ్చే భ్రమకు షరీఅత్‌లో విలువ లేదు. ఈ తూకంతో చూస్తే, పుట్టగొడుగుల కాఫీ బిడ్డకు హాని చేస్తుందన్న గట్టి ఊహకు ఆధారం లేదు. కాబట్టి అది నిషిద్ధం అనలేం. మానుకోవడం మేలు అనగలం. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరాన్ని అత్తగార్లు, ఆడపడుచులు దయచేసి గుర్తించాలి. తెలియక పది రోజులు తాగిన కోడలిని బిడ్డకు కడుపునొప్పి వచ్చిన ప్రతిసారీ ‘నీ కాఫీ వల్లే’ అని దెప్పిపొడవడం ఆధారం లేని నింద. తెలియనిదాని వెంట పడవద్దన్న ఖుర్ఆన్ బోధ (17:36) వాళ్ళకూ వర్తిస్తుంది. అంతకన్నా ప్రమాదం, ఆ భయంతో పాలివ్వడం ఆపి డబ్బా పాలు పట్టించడం. కప్పు ఆపితే సరిపోతుంది, పాలు ఆపరాదు. బిడ్డకు నిద్ర పట్టకపోయినా, చిరచిరలాడుతున్నా, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, విరేచనాలైనా ఆ డబ్బాను చేతపట్టుకుని వైద్యుని దగ్గరికి వెళ్ళండి. పేరు చెబితే చాలదు, అందులో ఏమున్నాయో చదివి చూపాలి.

అమ్మేవారికి ఒక మాట

ఈ పొడులను మన సమాజంలో అమ్ముతున్నవారిలో చాలామంది స్త్రీలే. ఇంట్లో ఉండి నాలుగు రూపాయలు సంపాదించుకోవడం తప్పు కాదు. హలాల్ సంపాదన ఆరాధనే. అయితే చాలా డబ్బాల మీద చిన్న అక్షరాల్లో గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుని సంప్రదించాలని రాసి ఉంటుంది. తయారుచేసినవాడు కాగితం మీద అలా రాసి తప్పుకుంటాడు, అమ్మే సోదరి నోటితో ‘ఏమీ కాదు భాభీ, నేను తాగుతున్నాగా’ అంటుంది. బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి అడుగున తడిని కనుగొన్న దైవప్రవక్త (స), ఆ తడిని పైన ఎందుకు పెట్టలేదని వర్తకుణ్ణి నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడన్నారు. డబ్బా మీద ఉన్న హెచ్చరికను కొనేవారికి చదివి వినిపించకపోవడం తడిని అడుగున దాచడమే.

వైద్యం తెలియనివాడు వైద్యం చేస్తే నష్టానికి అతడే జవాబుదారీ అని అబూదావూద్, నసాయీ, ఇబ్నెమాజాలలో హదీసు ఉంది. థైరాయిడు తగ్గుతుంది, షుగరు తగ్గుతుంది, పాలు పడతాయి అని చెప్పిన క్షణంలో సరుకు అమ్మే మనిషి వైద్యం చేసే మనిషిగా మారిపోతుంది. దేశ చట్టం కూడా ఈ వైపే ఉంది. కొన్ని జబ్బులు నయమవుతాయని ప్రకటనలు చేయడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. నేరుగా ఇళ్ళకు అమ్మే వ్యాపారాలకు, గొలుసుకట్టు పథకాలను నిషేధిస్తూ, 2021 డిసెంబరులో నియమాలు వచ్చాయి. పసిపిల్లల డబ్బా పాలకు ప్రకటనలు చేయరాదని 1992లో చట్టం తెచ్చిన ఈ దేశంలో, పాలిచ్చే తల్లికి పట్టించే పొడుల గురించి ఫోనులో ఎవరికి తోచింది వారు చెబుతున్నారు. ఇది విచిత్రమే.

ఆమె ఎందుకు అలసింది?

ఇంతవరకు తల్లి ఏం తాగాలి, ఏం తాగకూడదు అని మాట్లాడాం. ఇక్కడితో ఆపితే ఆయత్‌లో సగమే చదివినట్లు. పాలిచ్చే తల్లి గురించి వచ్చిన ఆ 2:233 ఆయత్‌లోనే ఆమె తిండి, బట్ట భారం తండ్రిదని ఉంది. బిడ్డ కారణంగా తల్లిని కష్టపెట్టరాదనీ ఉంది. ఈ రెండో మాటను మన ప్రసంగాల్లో తక్కువగా వింటాం. పాలు మాన్పించే నిర్ణయం కూడా ఇద్దరూ సంప్రదించుకుని, ఇద్దరూ ఇష్టపడి తీసుకోవాలని అక్కడే ఉంది. అలాంటప్పుడు ఆ పాలలోకి ఏం వెళ్ళాలన్నది భర్త హుకుంతో తేలే సంగతి కాదు, భార్య ఒంటరిగా దాచుకుని తాగే సంగతీ కాదు.

హజ్రత్ ఉమర్ (ర) ఖలీఫాగా ఉన్న రోజుల్లో ఒక వర్తక బిడారు మదీనా బయట దిగింది. ఆయన రాత్రి కాపలా కాస్తుండగా ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తల్లి దగ్గరికి వెళ్ళి బిడ్డను సరిగా చూసుకోమన్నారు. మళ్ళీ ఏడుపు, మళ్ళీ వెళ్ళారు. తెల్లవారుజామున మూడోసారి వెళ్ళి, నువ్వు మంచి తల్లివి కావని మందలించారు. వచ్చినవారు ఎవరో తెలియని ఆ స్త్రీ, బిడ్డకు పాలు మాన్పిస్తున్నానని, మాన్పించిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తాడు గనుక తప్పడం లేదని చెప్పింది. ఆ రోజు ఫజర్ నమాజులో ఆయన ఖిరాఅత్ ఏడుపు వల్ల జనానికి సరిగా వినబడలేదట. తన నియమం ఎందరు పిల్లలను బలిగొన్నదోనని విలపించి, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇస్తామని, పాలు మాన్పించడానికి తొందరపడవద్దని చాటింపు వేయించారు. ఇబ్నె సఅద్ తబఖాత్‌లో ఈ ఉదంతం ఉంది. మూడుసార్లు తల్లిని మందలించిన మనిషి, కారణం తన ఇంట్లోనే ఉందని తెలియగానే నియమాన్ని మార్చాడు.

మన ఇళ్ళలో ఏ నియమాలు మార్చాలో చూద్దాం. బాలింత అలసటకు మొదటి కారణం నిద్ర లేకపోవడం. దానికి కాఫీ మందు కాదు, నిద్రే మందు. రెండోది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. కాన్పు తరువాత 180 రోజులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోవాలని ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. ఆశా కార్యకర్త తెచ్చి ఇచ్చిన ఆ మాత్రలు ఎన్ని ఇళ్ళలో అలమారలో మూలన పడి ఉంటున్నాయి! టీ, కాఫీలు అన్నానికి ముందూ వెనుకా గంట లోపల తాగితే తిన్న దానిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. అంటే రక్తం తక్కువై అలసిన తల్లి, అలసట పోవడానికి అన్నంతోపాటు కాఫీ తాగితే అసలు జబ్బు మరింత ముదురుతుంది. మూడోది, కాన్పు తరువాత కొందరికి థైరాయిడు దెబ్బతింటుంది. నాలుగోది మనం పేరు పెట్టి చెప్పుకోనిది. వారాల తరబడి దిగులు, ఏడుపు, బిడ్డ మీద కూడా మనసు నిలవకపోవడం. దాన్ని ఈమాన్ బలహీనత అని ఉపదేశాలు ఇచ్చి, మనసుకు ఉల్లాసమని రాసిన సాషే ఇచ్చి సరిపెట్టుకోవద్దు. అది వైద్యం ఉన్న జబ్బు. చోడవరం ప్రభుత్వాసుపత్రిలో చెప్పుకోవచ్చు, అవసరమైతే విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు.

మన నానమ్మల అచ్వానీ, హరీరా, సొంఠి ముద్ద, వెల్లుల్లి కారం, తీరంలో అయితే సొరచేప పుట్టు, వీటినీ కొందరు ఇదే తూకం వేసి అడగవచ్చు: వాటి మీద మాత్రం పరిశోధనలు ఉన్నాయా అని. న్యాయమైన ప్రశ్నే. ప్రతిదాని మీదా లేవు. తేడా ఏమిటంటే ఇవి వంటింటి దినుసులు, తరతరాలుగా లక్షల బాలింతలు తిన్నవి. తేడా వస్తే నానమ్మే గుర్తుపట్టి మాన్పించేది. అయినా వీటిలోనూ అతి పనికిరాదు. పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు తగ్గించడం, కూరలు మాన్పించడం వంటివాటికి ధర్మంలోనూ ఆధారం లేదు, వైద్యంలోనూ లేదు.

ఇక భర్త. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళకు లేచి వెళ్ళేవారని మహనీయ ఆయిషా (ర.అన్హా) చెప్పారు. నమాజులో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు తల్లడిల్లుతుందని తెలిసి ఆయన నమాజును కుదించేవారు. ఇమామత్ చేస్తున్నవారు తల్లి కోసం నమాజు కుదించగా, మన సోదరులు ఫోను చూడడాన్ని కుదించుకోలేకపోతున్నారు. డబ్బా పొడికి ఖర్చు చేసే డబ్బుతో గుడ్లు, పాలు, ఖర్జూరాలు, ఆకుకూరలు తెచ్చి ఇవ్వవచ్చు. పాలు తాగాక బిడ్డను భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, తెల్లవారుజామున ఆమెను రెండు గంటలు కదపకుండా పడుకోనివ్వడం మగవాడు చేయగల పనులే.

భర్త గల్ఫ్‌లో ఉంటేనో, విడాకులైతేనో, చనిపోతేనో ఎలాగని అడిగేవారికీ ఆ ఆయత్‌లోనే దారి ఉంది. తండ్రి లేనప్పుడు అతని వారసుని మీద కూడా అదే భారం ఉందని అల్లాహ్ నిర్ణయించాడు. ఆ వారసుడు తాతో, పెద్దనాన్నో, చిన్నాన్నో కావచ్చు. ఆస్తి పంపకాల వేళ వారసులమని ముందుకు వచ్చేవారు బాలింత గదిలో రాత్రి రెండు గంటలకు బిడ్డ ఏడుస్తున్నప్పుడు ఎక్కడ ఉంటున్నారో ప్రతి ఇంట్లో ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి, ఆమె ముందే.